పీనుగ నోట మాట — ఒక చిత్రముపై ప్రేక్షకుల తగవు

దసరా సెలవులు ముగిసి బడి తెరచిన వారములోనే తొమ్మిదవ తరగతిలో ఒక తగవు పుట్టినది. అది పొలము గట్టును గూర్చిన తగవు కాదు, కబడ్డీలో పట్టును గూర్చినదియు కాదు. ఒక పీనుగను గూర్చిన తగవు. సెలవులలో కొందరు పిల్లలు పట్టణమందలి బంధువుల ఇండ్లకు పోయి, అచ్చట ‘వార్మ్ బాడీస్’ అను అమెరికా చిత్రమును చూచి వచ్చిరి. వెచ్చని దేహములని ఆ పేరునకు అర్థము. చచ్చినవాడొకడు బ్రతికియున్న పిల్లను ప్రేమించుట అందలి కథ. భయపెట్టుచునే నవ్వించుట, నవ్వించుచునే ప్రేమను చెప్పుట దాని పద్ధతి. చూచినవారిలో సగము మంది మెచ్చిరి, సగము మంది దూషించిరి. ఎందుచేతనని మేమడుగగా ఇరుపక్షములవారును ఒక్కొక్క మాట పలికి ఊరకుండిరి. ఒకరి మాట ‘సూపర్’. రెండవవారి మాట ‘వేస్ట్’. అంతకు మించి ఒక్క వాక్యమును వెలికి రాలేదు.

కారణము చెప్పనివారి అభిప్రాయము లెక్కకు రాదని, వారమునకొక దినము చివరి గంటలో ఈ విషయమును చర్చింతమని మేమంటిమి. రెండు దినములలోనే ఒక తండ్రిగారు మమ్ము వెదకికొని వచ్చిరి. ఆయన గులాబి తోట పెంచువారు, మాకు చిరపరిచితులు. “ఏమి సార్, పీనుగలు మెదడు తినే బొమ్మను గురించి బడిలో చర్చ పెట్టినారంట? తెలుగు చెప్పేది వదిలి ఇదేంది సార్?” అని అడిగిరి. ఆయన కోపము మాకు అన్యాయముగా తోచలేదు. ఏలయన అప్పటికి ఆ చిత్రమును మేమును చూచి ఉండలేదు. చూడకయే సమాధానము చెప్పుట తగదని ఆ ఆదివారము కూర్చుండి చూచితిమి. మరునాటి రాత్రి మరల చూచితిమి. ఈ వ్యాసము ఆ తండ్రిగారికి మేము బాకీపడిన సమాధానము, తొమ్మిదవ తరగతి తగవులో మా తీర్పును కూడ. తీర్పు ఏ పక్షమునకును పూర్తిగా అనుకూలము కాదని ముందే మనవి చేయుచున్నాము.

చిత్రమును చూడనివారి కొరకు కథను కొంత చెప్పవలెను. ఐజాక్ మారియన్ అను అమెరికా రచయిత మొదట దీనిని చిన్న కథగా వ్రాసి, పిదప పెంచి 2010లో నవలగా ప్రకటించెను. జోనథన్ లెవిన్ దర్శకత్వమున అది చిత్రమై 2013 ఫిబ్రవరి 1న అమెరికాలో విడుదల అయ్యెను. ఏదో మహామారి వలన లోకములో అధికభాగము చచ్చియు తిరుగాడు దేహములుగా మారినది. మహామారి ఏదియో చిత్రము చెప్పదు. మిగిలిన కొలది మనుష్యులు ఎత్తైన గోడ కట్టుకొని దాని లోపల తుపాకులతో కాపురము చేయుచున్నారు. గోడకు వెలుపల, పాడుపడిన విమానాశ్రయములో, ఒక యువక శవము తిరుగుచుండును. వానికి తన పేరు జ్ఞాపకము లేదు, మొదటి అక్షరము మాత్రము జ్ఞాపకమున్నది. అది ‘ఆర్’. ఆకలి వేయగా తనవంటి వారితో కలిసి నగరమునకు పోయి, మందులు తెచ్చుటకు వచ్చిన యువతీయువకులపై పడి, పెర్రీ అను వాని మెదడు తినును. తిన్నంతనే పెర్రీ జ్ఞాపకములు వీనికి వచ్చును. పెర్రీ ప్రేమించిన జూలీ అక్కడనే యున్నది. వీడామెను తినడు. ఆమె ముఖమునకు తన నెత్తురు పూసి, తక్కిన శవములు పసిగట్టకుండ చేసి, తాను నివసించు పాత విమానములోనికి కొనిపోయి దాచును. అచ్చట వాడు ప్రోగుచేసికొన్న గ్రామఫోను రికార్డులున్నవి. మాటలాడలేని వాడు పాటలు పెట్టి వినిపించును. క్రమముగా ఒక మాట, పిదప రెండు మాటలు, వాని నోట వచ్చును. గుండె కొట్టుకొనును. వారిద్దరు చేయి చేయి పట్టుకొని నిలుచుట చూచిన ఇతర శవములకును లోపల ఏదియో కదలును.

షేక్స్పియరు ‘రోమియో జూలియెట్’ నాటకము ఇందులో దాగియున్నదని చదువరులీపాటికే కనిపెట్టి యుందురు. ఆర్ రోమియో, జూలీ జూలియెట్, పెర్రీ ఆ నాటకములోని పారిస్. ఎం అను మిత్ర శవము మెర్క్యూషియో. జూలీ చెలికత్తె నోరా దాది స్థానమున నున్నది. మేడ వసారాలో నాయిక, క్రింద చీకటిలో నాయకుడు నిలుచు ఘట్టము కూడ ఉన్నది. పగపడిన రెండు కుటుంబములకు బదులు బ్రతికినవారు, చచ్చినవారు. ఇంతకంటె గొప్ప కులభేదమును ఏ కవియు ఊహించి యుండడు!

ఇక తగవు. ఇది మా తొమ్మిదవ తరగతిలోనే పుట్టినది కాదు. చిత్రము వెలువడిన నాటినుండి అమెరికాలోని ప్రేక్షకులే రెండుగా చీలిరి. విమర్శకులలో ఎక్కువ మంది మెచ్చుకొనిరి. సుమారు 3½ కోట్ల డాలర్లతో తీసిన చిత్రము లోకమంతట 11 కోట్లకు పైగా ఆర్జించినది. ఐనను జాంబీ చిత్రముల వీరాభిమానులలో పలువురు ముఖము చిట్లించిరి. జాంబీ అనగా ఈ నడచు శవమునకు అక్కడి పేరు. వారి మొదటి ఆక్షేపణ ఇది: జాంబీకి ఆలోచన ఉండదు, ప్రేమ ఉండదు, అది తిరిగి మనిషి కాదు. ఈ నియమములను ఉల్లంఘించినది జాంబీ చిత్రము కానే కాదు. మా తరగతిలోని ‘వేస్ట్’ పక్షమువారి మనస్సులో నున్నదియు ఇదియేనని తరువాత తెలిసినది.

నియమమనునది ఎచ్చటినుండి వచ్చినదో చూడవలదా? జాంబీ అను భావము పుట్టినది హెయితీ దేశములో. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడి, చెరకు తోటలలో ప్రాణములు విడిచిన జనుల సంతతి వారచ్చటి ప్రజలు. మాంత్రికుడు శవమును లేపి పొలములో వెట్టి చేయించునని వారి నమ్మకము. ఆ శవము ఎవ్వరిని తినదు. దానికి నోట మాట లేదు, తనదను సంకల్పము లేదు. అదియే దాని ఘోరము. చచ్చిన పిదప కూడ బానిసతనము తప్పదేమో యన్న భయము ఆ కథలో నున్నది. ఉప్పు రుచి చూచినచో దానికి తెలివి వచ్చి తన సమాధి వైపు నడచిపోవునని కూడ చెప్పుకొందురు. సీబ్రూక్ అను అమెరికా రచయిత 1929లో ఈ సంగతులను ఒక గ్రంథముగా వ్రాయగా, 1932లో ‘వైట్ జాంబీ’ అను చిత్రము వచ్చినది. మనుష్యులను తినుట జార్జి రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తో వాడుకలోనికి వచ్చినది. ఆ చిత్రములో జాంబీ అను మాటయే వినరాదు! మెదడు కొరకు వెంటపడుట 1985 నాటి మరియొక చిత్రము చేర్చిన అలవాటు. కనుక నియమమని మనము దేనిని పట్టుకొని తగవాడుచున్నామో అది కాలముతో పాటు వేషము మార్చుచు వచ్చినది.

అంతేకాదు. నియమకర్తయని అభిమానులు కొలుచు రొమేరోయే 1985లో ‘డే ఆఫ్ ది డెడ్’ అను చిత్రములో బబ్ అను జాంబీని చూపినాడు. దానికొక వైద్యుడు చదువు చెప్పును. అది టెలిఫోనును చెవికి ఆనించుకొనును, సంగీతము విని ఉలికిపడును, తన గురువు చనిపోగా దుఃఖించును. సంగీతము వినుటలో ఆర్ కంటె బబ్ ఇరువది ఎనిమిదేండ్లు పెద్దవాడు. ‘జాంబీకి హృదయముండరాదు’ అను వాదము ఇచ్చటనే నిలువక పోవుచున్నది. నవ్వును చేర్చుట కూడ క్రొత్త అపచారమేమియు కాదు. 2004లో ఇంగ్లండులో ‘షాన్ ఆఫ్ ది డెడ్’ అను చిత్రము ప్రేమ, హాస్యము, జాంబీలు మూడింటిని ఒక పాత్రలో వండి వడ్డించినది. తమిళమున 2016లో ‘మిరుతన్’, తెలుగున 2021లో రాయలసీమ కక్షల నడుమ కథ నడిపిన ‘జాంబీ రెడ్డి’ వచ్చినవి. ఏ దేశమునకు పోయిన ఆ దేశపు ఉప్పు తినుచున్నది జాంబీ. పులిహోరను ఇట్లే కలుపవలెనని మన ఇండ్లలో అత్తగారికి కోడలికి వాదము జరుగును గాని, కలిపిన తరువాత రుచి చూడకుండ ఎవ్వరును లేచిపోరు.

రెండవ ఆక్షేపణ దీనికంటె గట్టిది. ప్రేమ కలుగగానే చచ్చినవాడు బ్రతుకుట ఏమి విడ్డూరము, దానికి కారణము చూపవలదా అని పలువురు ప్రేక్షకులడిగిరి. పెద్దలు కూడ మాతో ఇదే అనిరి. అట్లయిన ఆదిపర్వములో రురుని కథను మనమేమి చేయుదుము? పాము కాటుచే మరణించిన ప్రమద్వరకు రురుడు తన ఆయువులో సగమిచ్చి బ్రతికించుకొనెను. నన్నయ కాలమునుండి తెలుగువారు ఆ కథను చదువుచున్నారు. విషము ఎట్లు విరిగినదని ఎవ్వరును అడుగలేదు. అడుగకుండుటకు కారణమున్నది. ఆ కథలో ప్రేమకు వెల కట్టబడినది. సగము ఆయువు. ఇచ్చినవాడు ఇచ్చినాడు, పొందినది పొందినది, లెక్క సరిపోయినది. వినువాని మనస్సు తృప్తి చెందినది. కనుక కారణము చూపలేదను నింద కంటె, వెల ఎవ్వరు చెల్లించిరను ప్రశ్న ఈ చిత్రమునకు ఎక్కువ ఇబ్బంది కలిగించును.

చిత్రమొక వెల చూపినది. చివరలో జూలీ తండ్రి గ్రిజియో సేనాని ఆర్ ను తుపాకితో కాల్చును. గాయమునుండి ఎర్రని నెత్తురు వచ్చును. నొప్పి కలుగును. శవమునకు నొప్పి ఉండదు కదా, నొప్పి కలిగినది గనుక వాడు మనిషి అయినాడు. బ్రతుకునకు గురుతు సుఖము కాక నొప్పి యగుట మాకు మిక్కిలి నచ్చినది. జాన్ మాల్కొవిచ్ నటించిన ఆ తండ్రి పాత్రకు చిత్రములో చేయుటకు చాల తక్కువ పని యిచ్చిరి గాని, ఆ ఒక్క తుపాకి దెబ్బ కథకు అవసరమైనది.

ఐతే పెర్రీ? ఇచ్చట మేము ‘వేస్ట్’ పక్షమున చేరుచున్నాము. పెర్రీ జూలీని ప్రేమించినవాడు. వానిని చంపినవాడు, వాని జ్ఞాపకములను తినినవాడు, ఆ జ్ఞాపకముల సాయముతో వాని ప్రియురాలికి దగ్గరైనవాడు మన నాయకుడు. ఈ నేరమును వాడు జూలీతో ఒప్పుకొనును. ఆమెకు కోపము వచ్చును, వదలిపోవును, కొలది నిమిషములలో మరల ప్రసన్నురాలగును. తాను ముందే ఊహించితినని కూడ అనును. అంత సులువుగానా? అమెరికాలో చాలమంది ప్రేక్షకులు ఇచ్చటనే చిత్రమునుండి తప్పుకొనిరి, వారిని తప్పుపట్టలేము. హాస్యచిత్రమునకు దుఃఖము బరువగునని దర్శకుడు భయపడి యుండును. కాని రురుని కథలో సగమాయువు వంటిది ఇచ్చట ఏదియు లేదు. పెర్రీ తరపున అడుగువారు లేరు. మా తరగతిలో ఒక బాలుడు లేచి, “పెర్రీ అమ్మానాన్న ఉంటే ఏమి చెబుదురు సార్?” అని అడిగినాడు. కారణము చెప్పిన మొదటి విద్యార్థి వాడే. చిత్రములో పెర్రీ తండ్రి కూడ శవమై కొడుకు చేతనే చచ్చినవాడు కనుక అడుగువారు నిజముగనే లేరు. ఆ సంగతి చెప్పగా ఆ బాలుడు మరింత నొచ్చుకొనినాడు.

ఇంకొక పక్షము వారు దీనిని అంతకు ముందు 2008లో వచ్చిన ‘ట్వైలైట్’ తో పోల్చి, ఇది ఆడపిల్లల చిత్రమని తోసివేసిరి. అందు నెత్తురు త్రాగు పిశాచమును మానవ బాలిక ప్రేమించును, రెండు చిత్రములను విడుదల చేసిన సంస్థయు ఒకటే. ఈ వాదమును గూర్చి ఎక్కువ వ్రాయనక్కరలేదు. ఆడపిల్లలు మెచ్చుట ఒక దోషమైనచో మన సాహిత్యములో సగము దోషమే యగును.

ఇక మేము ముఖ్యమని తలంచు సంగతికి వచ్చుచున్నాము. ఈ చిత్రమంతటికిని కథ చెప్పువాడు ఆర్ యే. వెలుపల వాని నోట మూలుగు తప్ప రాదు. లోపల మాత్రము వాని మాట గలగల పారుచుండును. తన నడక ఎంత మందమో తానే ఎగతాళి చేసికొనును. తన ముఖము పాలిపోయినదనియు, వంగి నడచుట తగదనియు తనను తానే మందలించుకొనును. జూలీ యెదుట నిలిచి వింతగా చూడవద్దని లోలోపల తన్ను బ్రతిమాలుకొనును. తన మిత్రుడు ఎం తో విమానాశ్రయపు పానశాలలో కూర్చుండి మూలుగులు ఇచ్చిపుచ్చుకొనుచు, ఇది ఇంచుమించు సంభాషణయేనని సంతోషించును. ఒకచోట, పూర్వము మనుష్యులు ఒకరితోనొకరు మనస్సు విప్పి మాటలాడుకొనెడి మంచి రోజులను తలచుకొని నిట్టూర్చును. ఆ సమయమున తెరపై చూపబడు పూర్వపు విమానాశ్రయములో ప్రతి మనిషియు తల వంచుకొని చేతిలోని ఫోనును చూచుచుండును! తలిదండ్రులు ఈ చిత్రమును చూడదలచినచో ఈ ఒక్క నిమిషము కొరకు చూడవచ్చును. పిల్లలతో పాటు తామును ఉలికిపడుదురు.

ఈ లోపలి మాటపైననే ప్రేక్షకులు మరల చీలిరి. నోరు తిరుగనివాడు ఇంత చక్కగా ఎట్లు ఆలోచించును, ఇది పొంతన లేని కల్పన అని ఒకరు. ఇదియే లేకున్న చిత్రమున ప్రాణమే లేదని మరియొకరు. మేము రెండవవారితో ఏకీభవించుచున్నాము. మాకది పొంతన లేనిదిగా కాక, మిక్కిలి తెలిసిన సంగతిగా తోచినది. ఎట్లనగా చెప్పెదము.

ఇరువది ఏండ్ల క్రిందట ఉపాధ్యాయ శిక్షణ కొరకు మేము ఇచ్చటినుండి ఆంధ్రదేశపు కోస్తా పట్టణమొకదానికి పోయితిమి. తెలుగు కొరకే తెలుగునాటికి పోవుచున్నామన్న సంబరము అంతింత కాదు. మొదటి దినము భోజనశాలలో తోటివారితో “యాడికి పోయేది?” అని ఏదియో అడుగగా ఒక బల్ల వారందరు నవ్విరి. అది తెలుగేనా, తమిళమా అని ఒకరడిగిరి. చెడ్డవారు కారు, వేడుకగానే అడిగిరి. కాని ఆ దినమునుండి మూడు నెలలు మేము ‘ఔను’, ‘కాదు’, ‘సరే’ అను మూడు మాటలతో గడపితిమి. లోపల మాటలు లేవా? మా అవ్వ చెప్పిన కథలన్నియు లోపలనున్నవి, చదివిన పద్యములున్నవి, వారి నవ్వునకు తగిన సమాధానము కూడ రాత్రి పడుకొనిన తరువాత చక్కగా కూడివచ్చెడిది. నోటివరకు వచ్చి మూలుగై పోయెడిది. ఆ మూడు నెలలు చూచినవారు మమ్ము మందమతి యని తలచియుందురు. వారిని అనవలసిన పని లేదు, వెలుపల కనబడినది అంతే.

ఈ ప్రాంతమున మన పిల్లలకు ఇంట తెలుగు, అంగడిలో తమిళము, సరిహద్దు దాటిన కన్నడము, పరీక్షలో ఇంగ్లీషు. నాలుగు భాషలు తెలిసిన పిల్లవాడు నాలుగింటను తడబడుట మనము చూచుచున్నాము. చూచి, వానికేమియు రాదనుచున్నాము. చర్చ జరిగిన రెండవ వారము ఒక బాలికను అభిప్రాయమడిగితిమి. ఆమె చిత్రమును చూచినది, ఏ పక్షమునను చేరలేదు, ఎప్పుడును వెనుక బల్లనుండి లేచి మాటలాడినది కాదు. చాలసేపు నిలుచుండి, “వానికి లోపల అన్నీ ఉండాయి సార్. బయటికి రాదు. అంతే” అని కూర్చుండినది. తరగతి నవ్వలేదు. మేము నల్లబల్ల వైపు తిరిగి, అచ్చట వ్రాయవలసినదేమియు లేకున్నను కొంతసేపు వ్రాసితిమి.

పొంతన లేదని వాదించిన అమెరికా ప్రేక్షకుడు బహుశః తాను పుట్టిన భాషలోనే ఎల్లప్పుడు మాటలాడినవాడు. లోపలి మాటకును వెలుపలి మాటకును నడుమ గోడయుండునని వానికి అనుభవములో లేదు. అది వాని తప్పు కాదు. కాని ఈ ఒక్క విషయమున మన పిల్లలు వానికంటె మంచి ప్రేక్షకులు. ఒకే చిత్రముపై రెండు అభిప్రాయములు పుట్టుట ఇట్టి కారణములచేతనే. చూచు కండ్లు ఏ ఇంటినుండి వచ్చినవో ఆ ఇంటి సంగతులతో కూడ చూచును. అందుచే చీలికను చూచి నొచ్చుకొనుట అనవసరము. నోరు విప్పకుండుటయే నొచ్చుకొనదగినది.

గులాబి తోట తండ్రిగారికి మేము ఒక కథను జ్ఞాపకము చేసితిమి. ఆయనయు చిన్ననాట ‘చందమామ’ చదివినవారే. విక్రమార్కుడు చెట్టుపైనున్న శవమును దింపి భుజమున వేసికొని నడచును. శవములోని బేతాళుడు ఒక కథ చెప్పి, ఇందులో ఎవరిది న్యాయమని అడుగును. తెలిసియు చెప్పకున్నచో తల వేయి వ్రక్కలగునని బెదిరించును. పదకొండవ శతాబ్దమున కాశ్మీరదేశపు సోమదేవుడు ‘కథాసరిత్సాగరము’ లో కూర్చిన ఆ ఇరువదియైదు కథలలో మన పూర్వులు పిల్లలకు నేర్పినదేమి? శవము చెప్పిన కథ కదా యని ఎవ్వరును చెవులు మూసికొనలేదు. కథ విని తీర్పు చెప్పవలెను, తీర్పునకు కారణము చెప్పవలెను. ‘సూపర్’ అనినచో బేతాళుడు ఊరకుండునా? ఆయన నవ్వి, “అది బేతాళ కథ సార్, దానిలో నీతి ఉండాది” అనిరి. నీతి కథలో నున్నదో, రాజు ఇచ్చు సమాధానములో నున్నదో ఆలోచింపుడని అంటిమి. ఆయన ఆలోచింతునని చెప్పి లేచిరి.

ఐనను తలిదండ్రులకు ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. ఈ చిత్రము చిన్నపిల్లలకు తగదు. అమెరికాలోనే 13 ఏండ్ల లోపు పిల్లల విషయమున తలిదండ్రులు గట్టి జాగ్రత్త వహింపవలెనను ధ్రువపత్రముతో విడుదలయినది. మెదడు తినుట కనబడును, తుపాకులు ప్రేలును. ఆరవ తరగతి పిల్లలు అన్నల భుజముల వెనుకనుండి చూచిరని విని మేము సంతోషింపలేదు. పెద్ద తరగతుల పిల్లలు చూచినచో పెద్దలు ప్రక్కన కూర్చుండి చూచుట మేలు. ప్రక్కన కూర్చుండి ఎవరి ఫోను వారు చూచుకొనుట లెక్కకు రాదు.

కృతి చివర పేరు సంగతి ఒకటి కలదు. ఆర్ బ్రతికి మనిషియైన తరువాత నచ్చిన పేరొకటి పెట్టుకొనవచ్చునని జూలీ సూచించును. వాడు వలదనును, ఆర్ అనియే ఉండుదుననును. పోయిన పేరును తిరిగి తెచ్చుకొనక, మిగిలిన అక్షరముతోనే తృప్తిపడుట కొందరికి తీయగా తోచినదట. మాకు అంతగా రుచింపలేదు. మాటలన్నియు తిరిగి వచ్చినవానికి పేరు మాత్రమేల వలదు? మన ఇండ్లలో తాతగారి ఇంటిపేరు బడి చిట్టాలో ఒక్క పొడి అక్షరమై నిలిచిన పిల్లలు ఎందరో కలరు. వారిని మీ ఇంటిపేరేమని అడిగిన, “కె సార్” అందురు. కె అనగా ఏమని అడిగిన ఇంటికి పోయి కనుగొని వత్తుమందురు. కొందరు కనుగొని వచ్చుచున్నారు కూడ. ఆర్ కూడ ఒకసారి వెదకియుండవలసినది.

తీరని తగవొకటి మిగిలియున్నది. చిత్రములో శవములు రెండు విధములు. ఆర్ వంటి వారొకరు. రెండవవారు ఆశ వదలి, తమ చర్మమును తామే పెరికివేసికొని అస్థిపంజరములైనవారు. బోనీలని వారికి పేరు. వారు మారరని చిత్రము మొదటనే తీర్మానించి, చివర మనుష్యులును ఆర్ పక్షపు శవములును ఏకమై వారిని నిర్మూలించుటతో ముగించును. ప్రేక్షకులలో పలువురు దీనిని పట్టించుకొననే లేదు. వెనుక బల్ల బాలిక మాత్రము పట్టించుకొనినది. నోట చెప్పలేదు, ఒక కాగితమున పదునొకండు పంక్తులు తెలుగున వ్రాసి యిచ్చినది. వారును ఒకప్పుడు మనుష్యులే కదా, వారికి ఎవరైన పాట పెట్టి చూచిరా అని అందులో అడిగినది. కాగితమును తరగతిలో చదివినంతనే ‘సూపర్’, ‘వేస్ట్’ పక్షములు రెండును ఏకమై ఆమెపై లేచినవి. అట్లు చేసినచో బొమ్మ ఎప్పటికి ముగియునని ఒకడు, వారికి చెవులే లేవని మరియొకడు, చెవులు లేనివారు మనుష్యుల అడుగుల చప్పుడు ఎట్లు వినిరని మూడవవాడు. గంట కొట్టువరకు ఎవ్వరును కూర్చుండలేదు, ఒక్క ఇంగ్లీషు మాటయు వాడలేదు.

ఆ ప్రశ్నకు మా వద్దను సమాధానము లేదు. వచ్చు శుక్రవారము చివరి గంటలో చర్చ మరల సాగును. గులాబి తోట తండ్రిగారు తాము కూడ వచ్చి వెనుక బల్లపై కూర్చుండి వినెదమని కబురు పంపిరి.